గుండీల సాసరు సమరము

ఏ వేళ కిటికీ ఊచల నీడలు వంటింటి గచ్చు మీద నిచ్చెన మెట్లవలె వాలునో, ఏ వేళ పాలగిన్నె పొంగుటకును పొంగకుండుటకును నడుమ డోలాయమానమై యుండునో, ఏ వేళ పై అంతస్తువారు స్నానాలకు దిగుటచే మా కుళాయి నీరు రాక శంఖధ్వానముతో దగ్గునో, అట్టి ప్రాతఃకాల సార్ధసప్తఘంటా శుభసమయమున, అనగా పొద్దున్న ఏడున్నరకు, ముందుగది కుట్టుశాలయు, వెనుకగది పాకశాలయు, ఆ రెంటి నడుమ సరిహద్దు కోటవలె ఒక పూసల తెరయును గల మా ఇంటియందు మహాసంగ్రామమొకటి పుట్టినది. దానికి కారణము పిడికెడు గింజలు. నవ్వకండి. నవ్వేవాళ్ళవీ ఎముకలే.

ముందు వీరుణ్ణి చెప్పుకోవాలి. ఆయన మా ఆయన. వయసు డెబ్బై రెండు, అందులో పని వయసు యాభై ఆరు. వీధి వీధంతా మాస్టారు అని పిలిచే దర్జీ. కర్తరీధురంధరుడు, సూచీసూత్రవిశారదుడు, పొట్టలు పెరిగినవారి పాత కోట్లకు ప్రాణదాత, నడుము కొలత అడిగిన ఆడవాళ్ళకు రెండంగుళాలు తగ్గించి చెప్పి, బట్ట మాత్రం సరిగ్గా కుట్టిపెట్టే దయార్ద్రహృదయుడు. ఆయన దివ్యాయుధము కత్తెర. వాళ్ళ నాన్న చేతిది, దగ్గర దగ్గర కిలో బరువు, పిడికి నల్లదారం చుట్టి ఉంటుంది. ఆ కత్తెర బల్ల మీద నడుస్తుంటే వంటింట్లో నాకు వినబడాలి. వినబడకపోతే ఇంట్లో ఎవరికో బాగోలేదన్నమాట. ఇన్ని సుగుణాలున్న మనిషికి ఒక్కటే లోపం. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

అట్టి మహావీరుడు ఒకనాడు పై అరలోని లైనింగు గుడ్డ కోసం స్టూలెక్కాడు. నేను తీస్తానంటే విన్నాడా. స్టూలు ఒకవైపు, గుడ్డ ఒకవైపు, ఆయన మూడోవైపు. కుడి మణికట్టు చిట్లింది. ఆరువారాలు పిండికట్టు. కట్టు విప్పిన రోజున డాక్టరమ్మ ఎముకల ఫోటోలు తీయించి, మమ్మల్నిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టింది. ఆవిడ తెల్లకోటు మోచేతి దగ్గర మాసిక మా ఆయన వేసిందే.

"మాస్టారూ, మీ ఎముకలు పల్చబడ్డాయి. లైనింగ్ లేని కోటులా ఉన్నాయి."

ఆయనకు మాట నాటింది. మనిషికి తెలిసిన భాషలో తిడితేనే కదా నాటేది.

"మాత్రలిస్తాను, మానకుండా వేసుకోండి. ఎండలో నడవండి. పాలు తాగండి. వాటితోబాటు రోజుకో గుప్పెడు గింజలూ పప్పులూ. బాదం, అక్రోటు, నువ్వులు, గుమ్మడిగింజలు, అవిసెగింజలు. అమ్మా, మీకూ చెబుతున్నాను, ఇద్దరూ తినండి. చెయ్యి అతుక్కుంది, మెల్లగా కత్తెర పట్టొచ్చు. కానీ ఇంకోసారి పడ్డారంటే చేతితో పోదు."

"మరి దేంతో పోతుంది?" అన్నాడు ఆయన, బేరమాడే గొంతుతో.

"తుంటితో."

ఆ మాట ఆయన విన్నాడో లేదో గానీ నేను విన్నాను. మా అత్తగారు కడిగిన గచ్చు మీద జారింది తుంటి మీదే. పద్నాలుగు నెలలు మంచం. పడుకున్న చోటి నుంచి ఆవిడకు వీధి కనబడేది కాదు. సాయంత్రం పూట నేను కిటికీ పక్కన చేతి అద్దం పట్టుకుని నిలబడితే, అందులో వచ్చేపోయేవాళ్ళను చూసి, ఫలానావాడు చిక్కిపోయాడు, ఫలానా పిల్ల కొత్త చెప్పులేసుకుంది అని చెప్పేది. ఆ అద్దం ఇంకా ఇంట్లోనే ఉంది. దాన్ని ఇంకోసారి పట్టుకోకూడదు. నా యుద్ధానికి ఇదొక్కటే కారణం, వేరే ఏమీ లేదు.

కాబట్టి మర్నాడే సైన్యం దిగింది. మా కోడలు మందుల దుకాణంలో పనిచేస్తుంది, ఏదైనా తూచకుండా నమ్మదు. తూచి తెచ్చింది. గోధుమవర్ణ కవచధారులైన బాదములు ముందుబారున, మెదడు ముడుతల మహామంత్రులవంటి అక్రోటులు వెనుక, హరితవస్త్రధారులగు గుమ్మడిగింజలు కుడివైపున, నున్నని అవిసెగింజలు ఎడమవైపున, లెక్కకందని కాలిబంటులవలె నువ్వులు నలుదిక్కులను, అన్నియు ఒక స్టీలుగిన్నెలో మోహరించినవి. ఆ గిన్నెను నేను ఆయన టీ గ్లాసు పక్కన పెట్టాను.

ఆయన చూశాడు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చూశాడు.

"ఇది పిట్టల మేత. నేను తినను."

నోటితో అన్నది అంతే. కానీ ఆయన లేచి నిలబడిన తీరులో, భుజానున్న టేపును ఉత్తరీయంలా వెనక్కి విసిరిన విసురులో, నాకు వినబడిన ప్రసంగం ఇదీ:

"ఏమే, ఏభైయారు వత్సరములుగా ఎవని దంతపంక్తి పట్టుదారమును, నూలుదారమును, కోటుగుండీల మందపుదారమును సైతము తటాలున త్రెంచుచున్నదో, ఎవని మాట విని వంకరభుజములవారు తిన్నని భుజములవారై వీధిన నడచుచున్నారో, అట్టి నేను నేడు పిచ్చుకనై, చిలుకనై, పంజరములేని పక్షినై గింజలు కొరుకుచు కూర్చుందునా? ఇవి రెక్కలు గలవారికి. నాకు రెక్కలు లేవు, చేతులున్నవి. ఆ చేతులకు కత్తెర నిమ్ము."

ఇక నేనూరుకుంటానా. కత్తెర తీసి బీరువాలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి నడుముకు దోపుకున్నాను. నేనన్నదీ కాస్తే. "గిన్నె వారం రోజులు ఖాళీగా తిరిగొస్తే కత్తెర మీ చేతికొస్తుంది." దాన్ని కూడా మీరు పెద్దమాటల్లో వినవలసిందే: ఓ సూత్రచ్ఛేదకదంతా, ఈ బీజసేన నీ కంఠద్వారమున ప్రవేశించు పర్యంతము నీ దివ్యాయుధము ఇనుపబీరువా గర్భమున, నా పాత ఊలుశాలువ కింద నిద్రించుగాక.

"బెదిరింపా?" అన్నాడు.

"కాదు, తాళం."

రెండు రోజులు మాయాయుద్ధం. గింజలను దంచి పొడి చేసి పాలల్లో కలిపాను. "పాలు ఇసుకగా ఉన్నాయే" అని ఆ గ్లాసు తీసుకెళ్ళి కిటికీలోని పూలకుండీకి పోశాడు. ఆ మొక్క ఇవాళ కూడా చూడండి, కాండం నా మణికట్టంత ఉంది. మూడోనాడు హఠాత్తుగా మెత్తబడ్డాడు. "ఇటివ్వు, పని చేసుకుంటూ తింటాలే" అని గిన్నె తీసుకుని పూసల తెర దాటి వెళ్ళాడు. గిన్నె ఖాళీగా వచ్చింది. నాలుగోనాడూ అంతే. అయిదోనాడూ అంతే. నేను లోలోపల విజయదుందుభులు మోగించుకుంటూ కోడలితో, "చూశావా, రెండురోజులు పట్టు వదలకపోతే మగాళ్ళు దారికొస్తారు" అన్నాను. కోడలు గిన్నె తిప్పి చూసి, "అత్తయ్యా, నువ్వుగింజ ఒక్కటైనా అడుగున అంటుకోలేదు. ఇంత శుభ్రంగా మావయ్యగారు ఇదివరకెప్పుడైనా తిన్నారా?" అంది. నాకది ఎక్కలేదు. గెలిచాననుకున్నవాళ్ళకు చెవులు పనిచేయవు.

ఆరోనాడు పోస్టాఫీసు గుమాస్తా వచ్చాడు. తన పాత కోటు చేతులు లోపలికి మడిచి పొట్టిగా కుట్టించుకుని ముందురోజే పట్టుకెళ్ళాడు. నేను తెర వెనకే ఉన్నాను.

"మాస్టారూ, చేతులు సరిగ్గా కుదిరాయి. జేబులో బాదంపప్పులు పెట్టడం ఇంకా బాగుంది. ఆఫీసులో తలా ఒకటి పంచాను."

మా ఆయన గొంతు సవరించుకోవడం వినబడింది. "పాత ఖాతాదార్లకు... అదొక మర్యాదండీ."

"లోపలి జేబులో అక్రోటులు కూడా ఉన్నాయి. చిల్లర జేబులో నువ్వులెందుకు పోశారో మాత్రం తెలియలేదు. నాణెం తీసినప్పుడల్లా రాలుతున్నాయి. మా పెద్దసారు చూసి, ఏమయ్యా, ఇంట్లో కోళ్ళున్నాయా అన్నారు."

చేతికి దగ్గరగా ఏ కోటు వేలాడితే దాని జేబే ఆయనకు చెత్తబుట్ట అయిందన్నమాట. తిన్నది గుమాస్తా, గట్టిపడింది పోస్టాఫీసు. మా ఇంటి ఎముకలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

గుమాస్తా వెళ్ళాక తెర పక్కకు లాగి నిలబడ్డాను. ఆయన నా వంక చూడకుండా సుద్దముక్క వెతుక్కున్నాడు. అది ఆయన చెవి మీదే ఉంది.

"మర్యాదా?" అన్నాను.

"పాడుచెయ్యలేదుగా. పంచాను."

"రేపట్నుంచి వారం మళ్ళీ మొదలు."

మొదలవకముందే మా వీధి బడి హెడ్‌మిస్ట్రెస్సమ్మ వచ్చింది. మంగళవారం పొద్దున్న, చంకలో మూడు మీటర్ల ముదురునీలం బట్టతో. ఆవిడ మాట్లాడితే కుర్చీలు కూడా నిటారుగా కూర్చుంటాయి.

"మాస్టారూ, శనివారం నా రిటైర్మెంటు సభ. ముప్పై నాలుగేళ్ళ కింద ఉద్యోగంలో చేరిన రోజు వేసుకున్న కోటు మీరు కత్తిరించిందే. ఆఖరిరోజు వేసుకునేది కూడా మీ చేతిదే కావాలి. గురువారం నాటికి కత్తిరింపు అయిపోవాలి, శుక్రవారం వేసి చూసుకుంటాను. అన్నట్టు, గుమాస్తా చెప్పాడు. నాకు అక్రోటు పడదు. జేబులో జీడిపప్పు పెట్టండి."

"తప్పకుండానమ్మా" అన్నాడు కర్తరీధురంధరుడు. అనక చస్తాడా.

ఆవిడ వెళ్ళిపోయింది. నీలం బట్ట బల్ల మీద పరుచుకుంది. ఆయన దాన్ని అరచేత్తో నిమిరాడు, పోగు ఎటు నడుస్తోందో చూశాడు, సుద్దతో గీతలన్నీ గీశాడు. భుజం, చంక, ఛాతీ, జేబు మూత. గీసి, కుడిచెయ్యి అలవాటుగా బల్ల కుడి అంచుకు చాపాడు. అక్కడ కత్తెర లేదు. ఆ చెయ్యి కాసేపు అక్కడే ఉండి, మెల్లగా వెనక్కొచ్చింది. కత్తెర అడగలేదు. గింజ ముట్టలేదు. గుమాస్తా గుండీలకని ఇచ్చి వెళ్ళిన నాలుగు చొక్కాలు తెచ్చుకుని కుట్టుకుంటూ కూర్చున్నాడు. కత్తెర లేని దర్జీకి మిగిలే పని అదే.

మధ్యాహ్నం కోడలు నా పక్కన చేరింది. "అత్తయ్యా, ఇచ్చెయ్యండి. మావయ్యగారి ముఖం చూడలేకపోతున్నాను."

"నాకు మాత్రం చూడబుద్ధవుతోందా. ఇచ్చేస్తే ఇక ఈ జన్మలో గింజ ముట్టడు."

"ముట్టకపోతే ముట్టరు. మాత్రలు వేసుకుంటున్నారుగా."

"అద్దం నువ్వు పట్టుకుంటావా?"

కోడలికి ఆ అద్దం కథ తెలుసు. సంచీ తీసుకుని దుకాణానికి వెళ్ళిపోయింది. కానీ సాయంత్రానికి నాకే గుండె జారింది. గెలిచి ఆయన్ను ఓడించినా నష్టమే, ఓడి ఆయన్ను పడనిచ్చినా నష్టమే. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. తెర పక్కన కూర్చుని ఊరికే ఆయన పని చూస్తూ ఉండిపోయాను. నలభై తొమ్మిదేళ్ళుగా చూస్తున్నదే. కానీ చూడ్డం వేరు, కనిపెట్టడం వేరు.

ఆ రోజు కనిపెట్టాను. పనిలో ఉన్నంతసేపు ఆ మనిషి నోరు ఖాళీగా ఉండదు. ఎడమచేతి పక్కన ఒక సాసరు, దాని కప్పు ఏనాడో పగిలిపోయింది. అందులో చొక్కా గుండీలు. కళ్ళు గుడ్డ మీద ఉంటాయి, చెయ్యి చూడకుండా సాసరులోకి పోయి మూడు గుండీలు తెస్తుంది, పెదాల మధ్య పెడుతుంది. ఒక్కొక్కటీ తీసి కుడుతుంది. చివర్లో దారం తెంపడానికి కత్తెర ముట్టడు, వంగి పంటితో కొరుకుతాడు. ఇది వాళ్ళ నాన్న నేర్పిన పద్ధతి. మెదడుకు ఇందులో పనే లేదు. ఆ మెదడే కదా నాతో పోట్లాడేది.

బుధవారము. మరల అదే సార్ధసప్తఘంటా సమయము. రాత్రి నానవేసిన బాదములను నేను తొక్క వొలిచి, పదునైన కత్తితో అడ్డముగా, పలుచగా, గుండ్రని తెల్లబిళ్ళలుగా కోసితిని. పదహారు బిళ్ళలు. నాలుగు చొక్కాల గుండీలకు అన్నలా, తమ్ములా అన్నట్లుండెను. ఆయన నడకకు వెళ్ళిన సందున శత్రుశిబిరమున చొరబడి, సాసరులోని గుండీలన్నియు, గుండుసూదుల డబ్బాయును తీసి, లెక్కచూసుకుని బీరువాలో పెట్టితిని. ఒక్క గుండీ మిగిలినా రేపు దాన్నే బాదమనుకుని మింగుతాడేమోనన్న భయం నాది. తరువాత సాసరున శ్వేతబీజచక్రములను పరచి, తెర చాటున నిలిచితిని. కోడలు దుకాణానికి ఆలస్యమైనా పరవాలేదని నా వెనకే నిలబడింది.

వీరుడు వచ్చెను. కూర్చుండెను. సూదిలో దారమెక్కించెను. ఎడమహస్తము చూపులేని సర్పమువలె సాసరున దూరి మూడు బిళ్ళలను గైకొని పెదవులనడుమ నిలిపెను. వానిలో ఒకటి తీసి చొక్కాపై ఉంచి సూదితో రంధ్రమును వెదకెను. రంధ్రము లేదు. మరల వెదకెను. లేదు. "ఇదేం గుండీ, తూట్లు కొట్టడం మర్చిపోయారు" అని గొణిగి, సూదినే గట్టిగా పొడిచెను. అది దిగెను. నాలుగుమార్లు దిగెను, నాలుగుమార్లు లేచెను. గుమాస్తాగారి చొక్కా మీద, కంఠము నుండి రెండవ స్థానమున, ఒక బాదంబిళ్ళ గుండీయై ప్రతిష్ఠితమాయెను.

కోడలు నా భుజం మీద ముఖం దాచుకుంది. దాని నవ్వుకు నా వీపంతా వణుకుతోంది.

అప్పుడు మాస్టారు అలవాటు చొప్పున వంగి, దారము తెంచుటకై పండ్లు మూసెను. దారము తెగెను. దారముతోబాటు బిళ్ళ అంచు కూడా తెగెను.

ఆయన ఆగిపోయాడు. ఆ కాసేపు కుళాయి కూడా దగ్గలేదు. ఆయన నోటిలో ఏ ఘోరసమరము నడచెనో నేను చెప్పెద వినుడు. జిహ్వ అనెను, ఇది మనవాడు కాడు. దంతములనెను, మేము త్రెంచుటయే గాని విచారించుట ఎరుగము. పెదవులమీద వేచియున్న తక్కిన రెండు బిళ్ళలును, ఇక దాగి ప్రయోజనమేమని, ఒకదాని వెంట ఒకటి లోనికి నడచినవి. దవడ ఒకమారు కదలెను. ఆగెను. రెండవమారు కదలెను. కంఠద్వారము తెరచుకొనెను. నలభై తొమ్మిదేళ్ళ కాపురంలో నేనింత శ్రద్ధగా ఆయన మింగడం చూడలేదు.

తల ఎత్తకుండానే అన్నాడు. "తెర వెనక రెండు జతల కాళ్ళు కనబడుతున్నాయి."

బయటికి రాక తప్పలేదు. కోపమొస్తుందనుకున్నాను. రాలేదు. నాలుకతో పంటిని తడిమి చూసుకున్నాడు.

"కొంచెం వేయించి ఉప్పు చల్లుంటే బాగుండేది."

ఆహా, ఆ ఒక్క మాటకు నా లోపల ఎన్ని కోటలు కూలాయో, ఎన్ని జెండాలు లేచాయో. "రేపట్నుంచి వేయిస్తాను" అన్నాను, గొంతు మామూలుగా ఉంచుకుని.

"నువ్వు తిన్నావా?"

"ఏమిటీ?"

"ఇవే. పిట్టల మేత. నువ్వు రోజూ ఎన్ని తింటున్నావు?"

నేను కోడలి వంక చూశాను. కోడలు గోడ వంక చూసింది. నిజం చెప్పక తప్పదు, ఇంతసేపూ వీరగాథ చెప్పినదాన్ని. ఈ యుద్ధం మొదలైన నాటి నుంచి నేను నానబెట్టాను, దంచాను, వొలిచాను, కోశాను, తినలేదని ఇల్లు పీకి పందిరి వేశాను. ఒక్క గింజ నా నోట్లో పడలేదు.

"డాక్టరమ్మ చెప్పింది మీకండీ."

"ఇద్దరూ తినండి అంది. నాకు విరిగింది చెయ్యి, చెవి కాదు." సాసరు తీసి నా ముందుకు జరిపాడు. "రేపు నువ్వు జారితే అద్దం ఎవరు పట్టుకోవాలి? అమ్మకు నువ్వు పట్టుకున్నట్టు అంతంతసేపు నిలబడి పట్టుకోవడం నా వల్లకాదు. మోకాళ్ళు ఒప్పుకోవు."

ఆయనకు ఆ అద్దం గుర్తుందని నాకు తెలియదు. ఆ పద్నాలుగు నెలలూ ఇటు తిరిగి చూడకుండా మిషను తొక్కుతూనే ఉన్నాడనుకున్నాను.

ఒక బిళ్ళ తీసుకుని నోట్లో వేసుకున్నాను. చప్పగా ఉంది. చల్లగా ఉంది. పెద్ద కష్టమేమీ కాదు. ఆ సంగతి మాత్రం ఆయనకు చెప్పలేదు.

"ఎలా ఉంది?" అన్నాడు.

"ఉప్పు తక్కువైంది."

నడుము నుంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాను. వారం పూర్తి కాలేదు, గిన్నె ఖాళీ కాలేదు, ప్రతిజ్ఞ ప్రకారం లెక్క కుదరలేదు. కుదరకపోతే కుదరకపోయింది. ఆయన బీరువా తెరిచి, నా ఊలుశాలువ పక్కకు జరిపి, కత్తెరను రెండు చేతులా తీశాడు. నీలం బట్ట మీద భుజంగీత దగ్గర మొదటి కోత పడింది. ఆ చప్పుడు వింటూ నేను వంటింట్లోకి వెళ్ళి పాలు దించాను. పొంగిపోయాయి. పోనీ.

ఇక జయఘోష వినండి. ఆ మహాసమరమున నిహతమైనవి బాదంబిళ్ళలు మూడు, ఒక అంచు. రెండు బిళ్ళలును అంచును వీరుడు గైకొనె, ఒకటి వీరపత్ని గైకొనె. అంచు తెగిన నాలుగవ బిళ్ళ గుమాస్తాగారి చొక్కాకు యుద్ధఖైదీయై వ్రేలాడుచు, ఎవ్వరికిని జ్ఞప్తికి రాకమునుపే ఆయన ఇల్లు చేరెను. దాని గురించి అడగడానికి గుమాస్తా తిరిగి రాలేదు. మర్యాదలో అదీ ఒక భాగమనుకుని ఉంటాడు. హెడ్‌మిస్ట్రెస్సమ్మ శనివారం కోటు వేసుకుని సభకు వెళ్ళింది, ఎడమజేబులో మూడు జీడిపప్పులతో. మా ఇంట్లో ఇప్పుడు సాసర్లు రెండు. ఎడమదాంట్లో గుండీలు, కుడిదాంట్లో వేయించిన గింజలు, ఉప్పు చల్లి. ఎడమదాంట్లోవి లెక్కపెట్టి ఇస్తాను, లెక్కపెట్టి తీసుకుంటాను.

ఈ గాథను చదివినవారికిని, చదువగా విన్నవారికిని, విని పక్కింటివారికి చెప్పినవారికిని ఎముకలేమీ గట్టిపడవు. ఎవరి గుప్పెడు వాళ్ళే నమలాలి.